బక్క మొలకలు

సంచిలోకి ముందు సన్న పట్టకార్లు వెళ్లాయి. తరవాత చిటికెనవేలంత గాజు సీసాలు, పాత చీరముక్కలో ఒక్కొక్కటిగా చుట్టి. వాటి మీద కాగితపు కవర్లు, మెత్తటి కుంచె, టార్చిలైటు, ఉన్ని చొక్కా. బట్టలు అన్నిటికన్నా ఆఖర్న సర్దుతోంది. రెండు జతలతో ఆగలేదు. బీరువాలో ఉన్నవన్నీ సర్దుతోంది.

గుమ్మంలో నిలబడ్డ వదినకు ఆ బట్టలే కంట్లో నలుసులా పడ్డాయి. నాలుగు రోజులకని కొండలకు వెళ్లే మనిషి రెండు జతలు పెట్టుకుంటుంది. ఉన్నవన్నీ సర్దుకునే మనిషి ఇంకేదో అనుకుని బయల్దేరుతుంది.

నర్సరీ పనివాళ్ల దగ్గర్నుంచి మట్టి తోలే ట్రాక్టరు డ్రైవరు దాకా అందరికీ ఆమె వదినే. అసలు ఆ వరస పెట్టి పిలిచే హక్కున్నది మాత్రం ఒక్కరికే, ఇప్పుడు సంచి సర్దుతున్న ఆడపడుచుకు. చిన్నప్పుడు పెరట్లో ఏ పువ్వు దగ్గరా కాలు నిలవక ఎగురుతుండేదని అన్న పెట్టిన పేరు తూనీగ. ముప్ఫై ఆరేళ్లొచ్చినా ఇంట్లో ఆ పేరే. ఎనిమిది రోజులుగా ఆ తూనీగ నోట 'వదినా' అన్న పిలుపు రాలేదు.

ఎనిమిది రోజులుగా ఇద్దరూ ఒకే వంటింట్లో ఒకరికొకరు తగలకుండా తిరుగుతున్నారు. గిన్నె కావాలన్నా, తలుపు వెయ్యాలన్నా గోడకు చెప్పినట్టు చెప్పుకుంటున్నారు. ముందుగదిలో మంచానికి అంటుకుపోయిన అత్తయ్యకు ఇదంతా కనిపించదు గానీ, తెలుసు. "నా రోజుల్లో అత్తాకోడళ్లు కొట్టుకునేవాళ్లు," అంది నిన్న, ఎవరూ అడక్కుండానే. "ఇప్పుడు వదినామరదళ్లా? వరసలు కూడా తప్పిపోయాయి ఈ ఇంట్లో."

"నాలుగు రోజులకు ఇన్ని బట్టలెందుకమ్మాయ్?" అంది వదిన.

తూనీగ తలెత్తలేదు. "నాలుగు రోజులని నీకెవరు చెప్పారు?"

"మీ అన్నయ్య."

"అన్నయ్యకు అంతవరకే చెప్పాను."

మిగతాది కిటికీ వైపు తిరిగి చెప్పింది. లోయలో అడవి నిమ్మ పూత పది రోజులకన్నా ఉండదు. పుప్పొడి తీసుకుని అట్నుంచి అటే కొండల అవతలికి పోతుంది. వెనక తనతో పనిచేసిన ఒకాయనకు అక్కడ తోట ఉంది, పురుగు దూరని వల షెడ్డు ఉంది, ఉండడానికి ఒక గది ఉంది. ఇక మీదట తన పని అక్కడే. అక్కడైతే తన మొలకల మీద ఎవరి చెయ్యీ పడదు.

ఆ చివరి మాట వదిన చేతుల మీద పడింది. ఆమె చేతులు రెండూ కొంగులో దాచుకుంది.

ఆ చేతులు చేసిన పని ఇది.

నారింజ గింజకు ఒక గుణం ఉంది. ఒక్క గింజ వేస్తే రెండు మొలకలు లేస్తాయి, ఒక్కోసారి మూడు. అంటు కట్టడానికి కింద ఉండే మొక్క లావుగా ఉండాలి, అన్నీ ఒక్క తీరుగా ఉండాలి. అందుకని పెళ్లయి వచ్చిన మొదటి నెలలోనే అత్తయ్య నర్సరీలో ముక్కాలిపీట వేసి కూర్చోబెట్టి కోడలికి నేర్పిన పాఠం ఒకటే: బలిసినదాన్ని ఉంచు, బక్కదాన్ని పీకు. ఇరవై రెండేళ్లలో వదిన ఎన్ని లక్షల బక్క మొలకలు పీకిందో దేవుడికెరుక. ఇప్పుడు ఆ పనికి ఆమె కళ్లు కూడా అక్కర్లేదు, వేళ్లకే తెలుసు.

కానీ తూనీగ ట్రేల్లో వేసినవి అంటుకోసం వేసిన గింజలు కావు.

ఆరేళ్లుగా ఈ చుట్టుపక్కల నారింజ తోటలన్నిటికీ పసుపు తెగులు. ఆకు మీద అటొకటి ఇటొకటి పసుపు మచ్చలు పడతాయి. కాయ వంకర తిరిగి, అడుగున పచ్చిగానే ఉండిపోతుంది. నాలుగేళ్లలో చెట్టు నిలువునా ఎండుతుంది. నువ్వుగింజంత పురుగొకటి దీన్ని చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది. కొట్టని మందు లేదు, పని చేసిన మందూ లేదు. ఆ పురుగు వాలినా, రసం పీల్చినా ఏమీ కాని చెట్టు ఒక్కటే ఉంది. కొండలోయలో ముళ్లతో పెరిగే అడవి నిమ్మ. దాని కాయ గోళీ అంత, చేదు విషం. పక్షులు కూడా ముట్టవు.

ఆ చేదు చెట్టు బలాన్ని ఈ తీపి చెట్టులోకి తేవాలని, తెగులు ఈ వైపుకు రాకముందు నుంచే, తూనీగ పన్నెండేళ్లు పరిశోధన కేంద్రంలో పనిచేసింది. కేంద్రం మూతపడింది, అక్కడి చెట్లన్నీ కొట్టేశారు. ఆఖరికి మిగిలిన ఒక్క సీసా పుప్పొడి ఇంటికి తెచ్చి, పెరట్లో అన్న వలల కింద కాపాడుతున్న ఏడు నారింజ చెట్ల పూల మీద కుంచెతో అద్దింది. కాయలు కోసి గింజలు తీస్తే రెండు వందల పద్నాలుగు. వాటికి లేచిన మొలకలు నాలుగు వందల పైచిలుకు.

ఆ మొలకల్లో లావుగా లేచినవన్నీ తల్లి ఒంట్లోంచి ఊడిపడ్డవే. అచ్చం తల్లి పోలిక, రేపు తల్లి రోగమే. అడవి తండ్రి రక్తం కలిసినవి ఆలస్యంగా లేచిన బక్కవి. చూడ్డానికి ఎండుగడ్డి పరకలు. అసలు బిడ్డలు అవి.

తూనీగ ఆకులు పరీక్ష చేయించడానికని నాలుగు రోజులు పట్నం వెళ్లింది. పాపం పిల్ల ట్రేలు ఇరుకైపోయాయి, వచ్చేసరికి శుభ్రం చేసి పెడితే సంతోషిస్తుందనుకుంది వదిన. రెండు రోజులు పీట మీద కూర్చుని, నడుము పట్టేసినా లేవకుండా, గింజకొక బలమైన మొలక ఉంచి మిగతావన్నీ పీకింది. తెగుళ్ల కాలం కదా, పీకినవి నేల మీద ఉండకూడదని ఏ రోజువి ఆ రోజే కాల్చింది కూడా. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టయింది.

తూనీగ తిరిగొచ్చిన రోజున కేకలు వెయ్యలేదు. ప్రతి మొలకదీ ఒక ఆకు గిల్లి, నలిపి, వాసన చూసుకుంటూ ట్రేల చివరి దాకా వెళ్లింది. అన్నీ నారింజ వాసనే. "బక్కవి ఏవి వదినా?" అని అడిగింది. అదే ఆఖరి పిలుపు.

"తెలియక చేశాను," అంది వదిన ఇప్పుడు. "ఎన్నిసార్లు చెప్పమంటావు? నా చేతులు విరిచేసుకుంటే మళ్లీ మొలుస్తాయా అవి?"

తూనీగ చేతిలో మడుస్తున్న చీరను మంచం మీద పెట్టింది.

"తెలియక చేసి ఉంటే నిన్ను ఒక్క మాట అనేదాన్ని కాను. మా అమ్మ నేర్పిన పనే చేశావు, తప్పు నాదే అనుకునేదాన్ని. కానీ చెప్పించాను కదా. చెప్పించినా చేశావు."

"ఏం చెప్పించావు?"

"బక్కవి ముట్టుకోవద్దని. బస్సెక్కే రోజు పొద్దున్న అన్నయ్యతో చెప్పాను, వదినకు చెప్పు, మరిచిపోకు అని. గేటు దాకా వెళ్లి వెనక్కొచ్చి మళ్లీ చెప్పాను."

వదినకు కాసేపు ఆ మాటలు ఎవరి గురించో అన్నట్టు వినిపించాయి. ఎనిమిది రోజులు కోపంతో, ఏడుపుతో, తిండి సయించక గడిచాయి. ఈ ఒక్క మాట మొదటి రోజే బయటికొచ్చి ఉంటే ఆ ఎనిమిది రోజులూ ఉండేవి కావు.

"నాతో ఎవరూ చెప్పలేదు," అంది.

"ఇక అబద్ధం కూడానా," అంది తూనీగ నీరసంగా, మళ్లీ చీర మడత అందుకుంటూ.

మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు ఆయన, తూనీగ అన్నయ్య. ఊళ్లో అందరూ ఆయన్ను అంట్ల మేస్త్రి అంటారు. కొత్తగా వచ్చినవాళ్లు గిన్నెలు తోమే మనిషనుకుని నవ్వుతారు. చుట్టుపక్కల ఏ తోటకు వెళ్లినా సగం చెట్లు ఆయన చేతి అంట్లే అని తెలిశాక నవ్వు మానేస్తారు. కుడి బొటనవేలి మీద కత్తి ఆనిన చోట కాయ కాసింది. మాట తక్కువ మనిషి. ఆ తక్కువ మాటలు కూడా ఎనిమిది రోజులుగా లేవు. పొద్దున లేచి వెళ్లడం, మధ్యాహ్నం తల వంచుకు తినడం, చీకటి పడ్డాక రావడం. ఆడవాళ్ల గొడవలో దూరడం ఇష్టంలేక అనుకుంది వదిన ఇన్నాళ్లూ. తన మీద జాలితో కూడా అనుకుంది.

ఆయన రెండు ముద్దలు తిన్నాక అడిగింది. గొంతు పెంచలేదు.

"తూనీగ మీతో ఏదో చెప్పి వెళ్లిందట. నాకు చెప్పమని."

గదిలో నుంచి సంచి సర్దే చప్పుడు ఆగిపోయింది.

మేస్త్రి చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. ఆయన చెల్లెలి గది వైపు చూశాడు, ముందుగది వైపు చూశాడు, భార్య వైపు మాత్రం చూడలేదు.

"చెప్పింది," అన్నాడు.

"మరి?"

"నేను నీకు చెప్పలేదు."

తరవాత చెప్పింది అంతా కంచానికే చెప్పాడు. ఆ రోజు పొరుగాయన తోట కొట్టేశారు. పదకొండు వందల చెట్లు. కోతమనుషులు చాలక ఈయన్ను పిలిచారు. పంతొమ్మిదో ఏట తన చేత్తో అంట్లు కట్టిన చెట్లు అవి, ఆయన సంపాదించిన మొదటి పేరు అది. రంపం పట్టుకుని పొద్దుగూకే దాకా తనే కోశాడు. ఇంటికొచ్చేసరికి బుర్రలో రంపం మోత తప్ప ఏమీ లేదు. చెల్లెలు చెప్పిన మాట ఆ మోతలో ఎక్కడో పడిపోయింది.

అది విన్నప్పుడు వదిన గుండె కరిగింది. ఆ రోజు ఆయన చొక్కా నిండా రంపపు పొట్టు ఉండడం ఆమెకు గుర్తుంది. కాళ్లు కడుక్కోకుండానే పడుకున్నాడు. పోనీలే, మనిషన్నాక మరుపు ఉంటుంది అనడానికి ఆమె నోరు తెరిచింది కూడా.

కానీ ఆయన ఆగలేదు. ఇన్నాళ్లూ మూసిపెట్టిన మూత తెరిచాక అడుగుదాకా ఒలికింది.

"రెండో రోజు పొద్దున్న నువ్వు ట్రేల దగ్గర కూర్చుని ఉండగా చూశాను. అప్పుడు గుర్తొచ్చింది."

వదిన చేతిలో గరిటె గిన్నెలో పెట్టేసింది.

"అప్పటికి ఎన్ని పీకాను?" అంది వదిన.

"సగం."

"సగం మిగిలి ఉన్నాయి."

"ఊఁ."

"ఎదురుగా నిలబడి చూశారు. ఆగమని అనలేదు."

"ఇప్పుడు చెబితే ముందెందుకు చెప్పలేదంటారు అనుకున్నాను. ఆ బక్కవి ఎలాగూ బతకవులే అని కూడా అనుకున్నాను. ఏమనుకున్నానో నాకే తెలీదు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాను."

గది గుమ్మంలోకి తూనీగ వచ్చి నిలబడింది. అన్నను చూస్తోంది. ఆమె మొహంలో కోపం లేదు. చిన్నప్పటి నుంచి చేతిలో పట్టుకు తిరిగిన వస్తువు తనది కాదని ఎవరో చెబితే పిల్లలు చూసే చూపు అది. వదినను ఆ చూపు భయపెట్టింది. కోపంతో వెళ్లినవాళ్లు కోపం చల్లారితే వస్తారు. ఇలా చూస్తూ వెళ్లినవాళ్లు రారు.

"నాలుగింటి బస్సుకు వెళ్తాను," అంది తూనీగ.

మేస్త్రి లేచి చెయ్యి కడుక్కున్నాడు. ముందుగదిలో నుంచి అత్తయ్య, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయా, ఇంత చప్పుడు లేకుండా ఉన్నారేమిటి అంది.

వదిన పెరట్లోకి వెళ్లిపోయింది. ఏడవడానికనే వెళ్లింది. ఏడుపు రాలేదు. ఎనిమిది రోజులు దొంగలా తిరిగింది ఈ ఇంట్లో. పక్కన పడుకున్న మనిషికి అసలు దొంగ ఎవరో తెలుసు. తెలిసి, అటు తిరిగి నిద్రపోయాడు. ఇది కడుపులో రాయిలా కూర్చుంది.

వల కింద నారింజ చెట్టుకు ఆనుకుని నిలబడితే మొహానికి ఏదో తగిలింది. మొగ్గ. తల ఎత్తి చూసింది. ఈ ఏడు ఎండలు ముందే వచ్చాయి. కొమ్మకొమ్మకూ అగ్గిపుల్ల తలంత తెల్లటి మొగ్గలు గుత్తులుగా దిగాయి. కొన్ని అప్పుడే బియ్యపు గింజలు దాటి వేరుశనగ గింజంత అయ్యాయి. ఇంకో రెండు రోజుల్లో విచ్చుకోవడం మొదలవుతుంది.

ఇరవై రెండేళ్లు నర్సరీలో బతికిన మనిషి. నిరుడు తూనీగ ఈ చెట్ల కింద ఏం చేసిందో పక్కన నిలబడి చూసింది. పువ్వు విచ్చుకోవడానికి ముందురోజే మొగ్గను పట్టకారుతో తెరిచి, లోపలి పుప్పొడి తిత్తులు ఒక్కటి మిగలకుండా గిల్లెయ్యాలి. మీద కాగితపు టోపీ పెట్టాలి. అడవి పుప్పొడి చేతికొచ్చాక టోపీ తీసి అద్దాలి. ఒక్క తేనెటీగ ముందొచ్చి వాలిందా, ఏడాది పోయినట్టే. ఆ తిత్తులు గిల్లే చెయ్యి ఈ ఇంట్లో ఒక్కటే. అది కొండల్లో ఉంటే, ఈ పూత ఎవరికి?

పెరటి గుమ్మంలోంచే అడిగింది. "కొండల అవతల మీ వాళ్ల తోటలో చెట్లకు తెగులు లేదా?"

"ఉంది," అంది తూనీగ.

"మరి ఆ పుప్పొడి ఏ తల్లికి అద్దుతావు?"

"దాచుకుంటాను. వచ్చే ఏడాదికి ఎక్కడైనా మంచి చెట్టు దొరకదా."

"ఏడాది దాచితే బతుకుతుందా?"

"కేంద్రంలో పెద్ద ఫ్రీజర్ ఉండేది," అంది తూనీగ. "ఇంటి ఫ్రిజ్జులో అయితే నెల."

వచ్చే ఏడాదికి లోయలో చెట్టే ఉండదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. లోయకు అడ్డంగా ఆనకట్ట కడుతున్నారు. నీళ్లు వదిలేలోపు చెట్లన్నీ కొట్టేస్తున్నారు, ఒక పక్క నుంచి మొదలుపెట్టారు కూడా. ఇదే ఆఖరి పూత.

వదిన లోపలికొచ్చింది. మంచం మీది సంచి ముందు కూర్చుని తూనీగ చీరలు ఒక్కొక్కటే బయటికి తీసింది. తూనీగ ఆపబోయి ఎందుకో ఆగింది. సీసాలు ముట్టుకోలేదు, పట్టకార్లు ముట్టుకోలేదు. చీరలు తీసిన చోట మేస్త్రి చొక్కాలు రెండు, లుంగీ ఒకటి, తువ్వాలు ఒకటి పెట్టింది.

"నువ్వు ఇక్కడ ఉండాలి," అంది. "మొగ్గ ఆగదు. ఆయన వెళ్తారు."

మేస్త్రి అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. నేనూ అదే చెప్పడానికి వచ్చాను అన్నాడు. వదిన ఆయన వైపు తిరగలేదు. సంచి మూతి తాడు బిగించింది.

తూనీగ అన్నకు చెప్పాల్సినవి అన్నీ చెప్పింది. విచ్చుకున్న పువ్వు వద్దు, మర్నాడు విచ్చుకునేది కావాలి. నీడలో ఆరబెట్టాలి. సీసాలో తేమ పీల్చే గుళికలు వెయ్యాలి. ఒంటి చెమట వాటికి తగలకూడదు. మేస్త్రి తల ఊపుతూ విన్నాడు. నలభై ఏళ్లు చెట్ల మధ్య బతికిన మనిషికి ఇవి కొత్త కాదు. అయినా రెండోసారి చెప్పమని అడిగాడు. రెండోసారి ఇంకా శ్రద్ధగా విన్నాడు. అది చూడలేక వదిన వంటింట్లోకి వెళ్లింది.

అత్తయ్యకు చెప్పక తప్పలేదు. పైన కొండల్లో అప్పుడే వానలు మొదలయ్యాయని రేడియోలో విన్నానని, వీడికి చిన్నప్పటి నుంచి చలిగాలి పడదని, మీకేమైనా మతులు పోయాయా అని సణిగింది. ఆఖరికి కొడుకు చెయ్యి పట్టుకుని, "వానొస్తే ఆగు. చెట్లెక్కడికీ పోవు," అంది.

"ఈ చెట్లు పోతాయమ్మా," అన్నాడు మేస్త్రి. "అందుకే వెళ్తున్నాను."

గేటు దగ్గర ఆగాడు. వెనక వదిన నిలబడి ఉంది, రివాజు కాబట్టి. ఏదో అనాలని ఆయన నోరు మాట వెతుక్కోవడం ఆమెకు తెలుస్తూనే ఉంది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన నోరు ఇలా వెతుక్కున్నప్పుడల్లా ఆ మాట తనే అందించేది. ఇవాళ అందించలేదు.

"పట్నం మీంచే వస్తాను. ఏమైనా తేవాలా?" అన్నాడు చివరికి.

"ఏమీ వద్దు," అంది.

అది మంగళవారం.

బుధవారం పొద్దున్నుంచి ఆడవాళ్లిద్దరూ చెట్ల కిందే. తూనీగ నిచ్చెన మీద, వదిన కింద. మొదట్లో పని మాటలు కూడా లేవు. తూనీగ చెయ్యి చాపితే వదిన కాగితపు టోపీ అందించేది. మధ్యాహ్నానికి తూనీగ కళ్లు నీళ్లు కారడం మొదలెట్టాయి. అంత సన్న పని. వదిన అడక్కుండానే కొమ్మను వెలుతురు వైపు వంచి పట్టుకుంది.

"ఇంకాస్త వంచు వదినా," అంది తూనీగ.

అన్న తరవాత తనకే తెలిసినట్టుంది. పట్టకారు ఒక్క క్షణం ఆగింది. వదిన ఏమీ విననట్టే కొమ్మ వంచింది.

ఆ సాయంత్రం అన్న గురించి మాట్లాడుకున్నారు. తూనీగే ఎత్తింది. చిన్నప్పుడు తను ఒక అంటు విరిచేస్తే ఆ తప్పు తనమీద వేసుకుని నాన్న చేత దెబ్బలు తిన్నాడట. "అప్పుడు నా తప్పు తను మోశాడు. ఇప్పుడు తన తప్పు నీ చేత మోయించాడు. ఇద్దరూ ఒక్క మనిషేనా?" అంది. వదిన మిగిలిన టోపీలు దొంతి పెట్టింది. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం, రానీ ముందు అనుకుంది. కడుపులో రాయి అలాగే ఉంది గానీ, దాన్ని ఆయన ముందు పెట్టి మాట్లాడాలని మొదటిసారి అనిపించింది. అరవాలని కూడా అనిపించింది. ఎన్నడూ అరవలేదు.

గురువారం, శుక్రవారం కూడా అదే పని. వంద దాటాయి టోపీలు. చెట్లు కాగితాలు పూసినట్టున్నాయి. మంచం మీది నుంచి అత్తయ్య, బక్కవి పీకితే తప్పన్నారు, ఇప్పుడు పూలకు టోపీలా, మీ చదువులు నాకు అంతుపట్టవు, కానీ ఇల్లు మాట్లాడుతోంది, అది చాలు అంది.

శనివారం పదకొండింటి బస్సు నర్సరీ గేటు ముందు ఆగింది. మామూలుగా అక్కడ ఆగదు. వదిన చేతిలో పని వదిలి పరుగెత్తింది. దిగింది కండక్టరు. చేతిలో తువ్వాలులో చుట్టిన స్టీలు డబ్బా ఉంది. లోపల తొమ్మిది సీసాలు, అన్నిటి అడుగునా పసుపు దుమ్ము.

"మేస్త్రిగారు ఇచ్చారమ్మా. ఎండలో పెట్టకుండా తెమ్మని మరీ మరీ చెప్పారు."

"ఆయన ఏరి?"

కండక్టరు చెప్పింది ఇది. పొద్దున ఏడింటికి కొండ కింద బస్టాండులో డబ్బా ఇచ్చి, సీటులో కూర్చోబోయి దిగిపోయాడు మేస్త్రి. ఉన్న చెట్లు పదహారేనట, సోమవారం నుంచి అటు పక్క నరుకుతారట. పుప్పొడి ఒక్కసారికే, పుల్లలు తెస్తే అంటు కట్టి చెట్టునే బతికించుకోవచ్చు, ఇన్నాళ్లూ ఎవరికీ ఇది తోచలేదేమిటని తనలో తను నవ్వుకున్నాడట. మళ్లీ పైకి వెళ్తున్నాను, సోమవారం బస్సుకు వస్తానని ఇంట్లో చెప్పమన్నాడు.

"పైన వాన ఉందా?" అంది వదిన.

"రాత్రంతా కురిసిందమ్మా. నేనూ చెప్పాను. ఆయన వింటేనా."

"ఇంకేమైనా చెప్పారా? నాకని?"

కండక్టరు ఆలోచించాడు. పాపం ఏదో ఒకటి కల్పించి చెబుదామా అన్నంతగా ఆలోచించాడు. "లేదమ్మా," అన్నాడు.

వదిన ఆ బస్సే పట్టుకుని వెనక్కి పోదామనుకుంది. బస్సు అటు వెళ్లదు, రేపు ఆదివారం అటు బస్సు లేదు. ట్రాక్టరు డ్రైవరును అడుగుదామా అని గేటు దాకా నడిచి, నిలబడి, మళ్లీ వచ్చింది. తూనీగ డబ్బా గుండెకు ఆన్చుకుని చెట్ల కింద నిలబడి ఉంది. ఆమె కూడా భయపడుతోంది, మొహంలో కనిపిస్తోంది. కానీ టోపీల కింద మొదటి రోజు పూలు రేపటికి వాడిపోతాయి.

"ఎల్లుండి వస్తాడు వదినా," అంది. "వచ్చాక ఇవి అద్దకుండా కూర్చున్నామంటే మనిద్దర్నీ కొడతాడు."

వదిన నిచ్చెన పట్టుకుంది.

చీకటి పడే దాకా నూట ముప్ఫై నాలుగు పూలకు అద్దారు. ఆఖరి నలభై వదిన చేతే అద్దించింది తూనీగ. కుంచె మొన మీద ఆ పసుపు ధూళి కనీకనిపించనంత. దాన్ని పువ్వు నడుమ జిగురు మీద ఆన్చాలి, అంతే. పీకడం తప్ప ఎరగని వేళ్లకు ఆ ఆన్చడం కష్టంగా ఉంది. ప్రతి పువ్వుకూ చీటీ కట్టి తేదీ రాసింది వదిన. ఈసారి మొలకలు వచ్చాక బక్కవాటికి తనే కాపలా ఉంటానని, ఆ ట్రేల పక్కనే మంచం వేసుకుంటానని అంది. తూనీగ నవ్వింది. పన్నెండు రోజుల్లో మొదటిసారి.

సోమవారం పదకొండింటి బస్సు గేటు ముందు ఆగకుండా వెళ్లిపోయింది. సాయంత్రం బస్సూ అంతే. మంగళవారం ట్రాక్టరు డ్రైవరు మోటార్‌సైకిల్ మీద కొండ కింద దాకా వెళ్లి, పైకి దారి రెండు చోట్ల తెగిపోయిందని, ఆదివారం రాత్రి చరియ జారిందని, ఆ పక్క మనుషులెవరూ లేరనే అక్కడ అందరూ అంటున్నారని చెప్పాడు. తూనీగ వెళ్లింది, వదిన వెళ్లింది, దారి బాగుచేశాక ఊరి మనుషులు పదిమంది వెళ్లారు.

అంట్ల మేస్త్రి ఆ లోయ నుంచి తిరిగి రాలేదు. ఆయన్ను ఆఖరుసారి చూసింది బస్సు కండక్టరు, మార్చి పంతొమ్మిదో తారీఖు, శనివారం, పొద్దున ఏడు గంటలకు.